టీకామందు – పెట్టుబడి – ఎత్బారు

వాణిజ్యశాస్త్రము చదువు విద్యార్థులకు 'పెట్టుబడిదారుల విశ్వాసము' అను మాట సుపరిచితమే. ఉర్దూలో దీనినే ఎత్బారు అంటాము. పరీక్ష కొరకు నిర్వచనమును కంఠస్థము చేయుట తేలిక. కాని ఇంకను తయారు కాని మందును నమ్మి ఒకరు తమ ధనమును ఎందుకు ఇస్తారు? ఈ ప్రశ్నకు సమాధానము కొరకు మన మౌలాలి నుండి చాలా దూరము పోనక్కరలేదు. మన జిల్లాలోని మేడ్చల్‌లో కర్మాగారము నెలకొల్పిన శాంతా బయోటెక్నిక్స్ చరిత్రను పరిశీలించిన చాలును.

హెపటైటిస్-బి అను కాలేయవ్యాధిని నివారించు టీకా ఆనాడు విదేశముల నుండి దిగుమతి అయ్యేది. ఒక్కొక్క మోతాదు వెల వందల రూపాయలు. మూడు మోతాదులు వేయించవలెను. సామాన్య కుటుంబమునకు అది అందని పండు. దీనిని మన దేశములోనే తయారు చేయు సంకల్పముతో 1993లో శ్రీ కె.ఐ. వరప్రసాదరెడ్డి తమ తల్లి పేరిట ఈ సంస్థను స్థాపించారు. ఆయన ఇంజనీరు, జీవశాస్త్రజ్ఞులు కారు.

బ్యాంకులు అప్పు ఇచ్చుటకు వెనుకాడినవి. ఇందులో వింత లేదు. అప్పు వేరు, వాటా వేరు. సంస్థకు ఎంత లాభము వచ్చినను అప్పు ఇచ్చినవారికి దక్కునది వడ్డీయే. కనుక వారు ముందుగా హామీని చూస్తారు. వాటాదారు లాభనష్టములు రెండింటిలోను భాగస్వామి. కనుక మనిషిని, పనిని చూస్తాడు. అట్టి భాగస్వామి ఒమాను నుండి లభించారు. ఆ దేశపు విదేశాంగ వ్యవహారములు చూచుచుండిన యూసుఫ్ బిన్ అలావీ సంస్థలో పెట్టుబడి పెట్టారు.

నాయకుడు అన్ని విద్యలు నేర్చి ఉండనక్కరలేదు. తనకు రానిది ఏదో ఎరిగి, వచ్చినవారిని కూర్చుకొనవలెను. పరిశోధన మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయములోను, తరువాత సి.సి.ఎం.బి.లోను సాగినది. వైరస్ పైపొర ప్రోటీనుకు సంబంధించిన జన్యువును ఈస్టు కణములో ప్రవేశపెట్టి, ఆ ప్రోటీనును కణముచేతనే తయారు చేయించుట ఇందలి పద్ధతి. 1997లో 'శాన్‌వాక్-బి' సుమారు 50 రూపాయలకు విపణిలోనికి వచ్చినది. 2006లో ఫ్రాన్సుకు చెందిన మెరియు సంస్థ శాంతాలో అధిక వాటా కొన్నది. 2009లో సనోఫీ ఆ వాటాను స్వీకరించినప్పుడు శాంతా విలువను 55 కోట్ల యూరోలుగా లెక్కగట్టారు.

అంతటితో కథ సుఖాంతము కాలేదు. మరుసటి సంవత్సరమే 'శాన్-5' టీకా సీసాలలో తెల్లని మడ్డి కనబడుటచే ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని తన ఆమోదిత జాబితా నుండి తొలగించినది. తిరిగి ఆమోదము పొందుటకు 2014 వరకు పట్టినది. అనగా విశ్వాసము ఒకసారి సంపాదించి పెట్టెలో దాచుకొను ఆస్తి కాదు. ప్రతి సీసాతోను దానిని మరల సంపాదించవలెను.

దీనికి భిన్నమైన ఉదాహరణ అమెరికాలోని థెరానోస్. కొద్ది రక్తపు చుక్కలతో అనేక పరీక్షలు చేయగలమని చెప్పి, 2003లో వెలసిన ఆ సంస్థ 70 కోట్ల డాలర్లకు పైగా పెట్టుబడి సేకరించినది. డైరెక్టర్లలో మాజీ మంత్రులుండిరి. కాని యంత్రము చెప్పినట్లు పనిచేయలేదు. 2018లో సంస్థ మూతబడినది. 2022లో వ్యవస్థాపకురాలు ఎలిజబెత్ హోమ్స్ పెట్టుబడిదారులను మోసగించినట్లు న్యాయస్థానములో రుజువైనది.

'నమ్మి చెడినవారు లేరు' అని సామెత. కాని పెద్దల పేర్లు విని, అధిక లాభమునకు ఆశపడి, ఆడపిల్లల పెండ్లికి దాచిన సొమ్మును పోగొట్టుకొన్నవారు మన బస్తీలలోనే ఉన్నారు. కనుక విద్యార్థులారా! రేపు మీ ఇంటి పెద్దలు సలహా అడిగినప్పుడు మూడు ప్రశ్నలు వేయుడు: వస్తువును బయటివారు పరీక్షించినారా? దాని అవసరము ఎవరికి, వారు ఆ వెల ఇచ్చుకొనగలరా? తప్పు జరిగినప్పుడు నాయకుడు దానిని దాచునా, దిద్దునా? ఈ మూడింటికి జవాబు దొరికిన పిమ్మటనే ఎత్బారు.