పొద్దున ‘మరో చరిత్ర’... సాయంత్రం మన చరిత్ర!

విశాఖపట్నం వెళ్లనివాళ్లు మనలో ఉండొచ్చు గానీ, విశాఖ సముద్రాన్ని తెరమీద చూడని సినిమా ప్రియులు మాత్రం ఉండరు. హీరో హీరోయిన్లు ప్రేమించుకోవాలన్నా, అలిగి విడిపోవాలన్నా మన దర్శకులకి ఈ ఊరి బీచ్ రోడ్డే కావాలి మరి! ఆ సముద్రాన్ని ఒక్కసారి కళ్లారా చూసొద్దామని నేనూ, మా ఫ్రెండూ ప్రయాణం కట్టాం. హైదరాబాద్‌లో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. తెల్లారేసరికి విశాఖ! తిరుగు బండి ఆ రాత్రికే. అంటే మా చేతిలో ఉన్నది ఒకే ఒక్క పగలన్నమాట.

బాలూ, స్వప్న తిరిగిన తీరం

ముందు భీమిలి అన్నాడు మావాడు. అనడా మరి! వాడు ‘మరో చరిత్ర’ ఎన్నిసార్లు చూశాడో వాడికే లెక్క తెలీదు. 1978లో కె. బాలచందర్‌గారు ఆ సినిమాని విశాఖలోనూ, భీమిలిలోనూ తీశారు. తమిళబ్బాయి బాలూగా కమల్ హాసన్, తెలుగమ్మాయి స్వప్నగా సరిత. ఆమెకి అదే తొలి చిత్రం. రంగుల సినిమాలు జోరుగా వస్తున్న రోజుల్లో దాన్ని నలుపు తెలుపుల్లో తీసి మెప్పించడం అంటే మాటలా? తమిళనాట డబ్బింగ్ లేకుండా తెలుగులోనే ఆడేసింది! 1981లో అదే కథని బాలచందర్‌గారే హిందీలో ‘ఏక్ దూజే కే లియే’గా తీశారు.

బీచ్ రోడ్డు వెంట బస్సు పోతుంటే కుడిచేతి పక్కన సముద్రం, ఎడమచేతి పక్కన కొండలు. కైలాసగిరి, రుషికొండ, ఆ తరవాత తొట్లకొండ. నీళ్లు నిలవ చేసుకోవడానికి బౌద్ధ భిక్షువులు కొండరాతిలో తొలిపించిన తొట్ల వల్లే దానికి ఆ పేరొచ్చింది. రెండువేల ఏళ్లనాటి ఆరామం అది. మనం డ్యూయెట్ చూసి వచ్చేస్తాం గానీ, వెనకాల కొండమీద ఏముందో పట్టించుకోం కదా!

భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు చూశాం. లైట్‌హౌస్ చూశాం. వ్యాపారానికొచ్చి ఇక్కడే కన్నుమూసిన డచ్చివాళ్ల సమాధులు చూశాం. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరిది! మావాడు మాత్రం ఇసకలో నిలబడి, “ఇక్కడేరా... బాలూ ఇక్కడే నిలబడుంటాడు” అని వాదన. ఎక్కడ నిలబడినా వాడికి అదే చోటులా కనిపించింది లెండి!

సముద్రం అడుగున డెబ్భైమంది

మధ్యాహ్నం తిరిగొచ్చి కుర్సురా జలాంతర్గామి ఎక్కాం. (సోమవారం సెలవు, గుర్తుంచుకోండి!) 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పాల్గొని, 2001లో రిటైరై, 2002 నుంచి రామకృష్ణా బీచ్‌లో మ్యూజియంగా ఉంది. పొడవు 91 మీటర్లు. అంత పొడవున్నా లోపల మాత్రం మనిషి పక్కకి ఒత్తిగిలి నడవాల్సిందే. గుండ్రటి ద్వారాల్లోంచి వంగి దూరాలి. డెబ్భైమందికి పైగా ఆ ఇరుకులో రోజుల తరబడి బతికేవాళ్లంటే మాకు నోట మాట రాలేదు.

1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది ఈ తీరానికి దగ్గర్లోనే. ఆ కథతోనే సంకల్ప్ రెడ్డి 2017లో రానాతో ‘ఘాజీ’ తీశారు. ఆ సినిమా చూసినవాళ్లు కుర్సురా లోపలికి వెళితే ఒళ్లు జలదరించకమానదు.

అప్పుడు జరిగింది...

సాయంత్రం ఐదు. బీచ్ నిండా జనం. మావాడు ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, ఫోన్ నా చేతికిచ్చి, “ఒరేయ్, నేను అలకి ఎదురెళ్తా. అది విరగ్గానే కొట్టు ఫోటో!” అన్నాడు.

మొదటి అల బాగానే వచ్చింది. రెండోది వెనక్కి మళ్లేటప్పుడు వాడి కాళ్లకింద ఇసక జారిపోయింది. చతికిలబడ్డాడు. చేతులాడిస్తున్నాడు. నేను ఫోన్‌లోంచి చూస్తూ ‘భలే నటిస్తున్నాడే!’ అనుకున్నాను. నమ్మండి, నవ్వుతూ ఇంకో ఫోటో కూడా తీశాను!

ఒడ్డున వల సర్దుకుంటున్న పెద్దాయన మాత్రం నవ్వలేదు. పరుగున వెళ్లి, వాడి చొక్కా పట్టుకుని ఒడ్డుకి ఈడ్చుకొచ్చాడు. వాడు ఉప్పునీళ్లు కక్కుతుంటే వీపు నిమురుతూ, “ఒచ్చే అలకేసి కాదు బావూ సూడాల... ఎనక్కెళ్లే నీటికేసి సూడాల. ఒచ్చేది కొడతాది, ఎల్లేది లాగేస్తాది” అన్నాడు. డబ్బులివ్వబోతే కసురుకున్నాడు.

తెరమీద హీరో అలల్లో పడితే కెమెరా వెనక పాతికమంది ఉంటారు. షాట్ అవ్వగానే తువ్వాలు కప్పుతారు. మావాడి వెనకాల ఉన్నది నేనొక్కణ్ణి. ఆ నేను కూడా ఫోటోలు తీస్తున్నాను!

అందుకే చెబుతున్నాను, మిత్రులారా! ప్రమాదం అని బోర్డున్న చోట దిగకండి. అలకి వీపు పెట్టి నిలబడకండి. ఒకవేళ నీరు లోపలికి లాగితే దానికి ఎదురీది అలిసిపోకండి. తేలుతూ, ఒడ్డు వెంబడి పక్కకి ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకి మళ్లండి. కేకేసి సాయం పిలవడానికి సిగ్గుపడకండి.

తరవాత ఇద్దరం ఇసకలో కూర్చుని, ఒకే పొట్లంలో మురీ మిక్చర్ తిన్నాం. చాలాసేపు మాటల్లేవు. రాత్రి రైల్లో మావాడు ఫోన్ అడిగాడు. ఆ ఫోటో మాత్రం, నిజం చెప్పొద్దూ, అదిరింది! నురగల మధ్య చేతులెత్తిన అచ్చు సినిమా హీరో!

వాడు దాన్ని చాలాసేపు చూశాడు. చూసి, నెమ్మదిగా అన్నాడు...

“మా అమ్మకి చూపించకురా!”