క్షేత్రగణితమున క్రియాక్రమము: సమాసవిగ్రహ మార్గము

ప్రాచ్యకళాశాలలలో లీలావతి పాఠము చెప్పినవారి కందఱికిని అనుభవమున్న విషయ మొకటి కలదు. కావ్యమున ఎంతటి దీర్ఘసమాసమునైనను తడబడక విగ్రహించు విద్యార్థి, అట్టి సమాసమే గణితసూత్రమున ఎదురు కాగానే కలము క్రింద పెట్టును. తనకు లెక్కలు రావనును. సంకలనము, గుణకారము అతనికి చిన్ననాడే వచ్చును. తెలియనిదల్లా ఏ క్రియ ముందు, ఏ క్రియ వెనుక అనునంతమాత్రమే. ఆ వివేకమును అతడు వ్యాకరణమున ఎన్నడో సంపాదించి యున్నాడు. దానిని గణితమునకు మరలించు తెరువు నొకదానిని, ఆరంభకులకు బోధించు అధ్యాపకులకై ఇందు వివరింతును.

మొదటి దినమున నల్లబల్లపై రెండు సమాసములు వ్రాయుదును: 'భుజకోటివర్గయోగమూలము', 'భుజకోటియోగవర్గమూలము'. రెంటను పదములు అవియే. నడుమనున్న రెండు మాత్రము తారుమారైనవి. భుజము 3, కోటి 4 అనుకొందము. మొదటిదానికి విగ్రహము: భుజకోటుల యొక్క వర్గములు, ఆ వర్గముల యొక్క యోగము, ఆ యోగము యొక్క మూలము. వర్గములు 9, 16, యోగము 25, మూలము 5. ఇది కర్ణము. రెండవదానికి: భుజకోటుల యోగము 7, దాని వర్గము 49, దాని మూలము మరల 7. నౌపడ ఉప్పుమళ్లను చూచిన మా ప్రాంతపు పిల్లలకు ఈ భేదము వెంటనే తెలియును. మడికి అడ్డముపడి నడువరాదు గనుక గట్టు వెంబడి రెండు ప్రక్కలును చుట్టివచ్చు కూలివాని నడక 7. మూలనుండి మూలకు లాగిన త్రాడు 5.

తత్పురుషమున పూర్వభాగపు అర్థము సిద్ధించినగాని ఉత్తరపదము దానితో అన్వయింపదు. నేటి గణితమున కుండలీకరణములు చేయు పని ఇదియే. విగ్రహవాక్యమును చెప్పగలిగిన విద్యార్థి కుండలీకరణములను తప్పక సరిగా ఉంచగలడు; ఇది నేను పలుమార్లు పరీక్షించి చూచితిని.

సమాసముతో పని జరుగనిచోట మన ఆచార్యులు క్త్వాంతములను ఆశ్రయించిరి. ఒకే కర్త చేయు రెండు క్రియలలో ముందు జరుగుదానికి క్త్వా ప్రత్యయమును పాణిని విధించెను. తెనుగున దానికి సాటి క్త్వార్థకము: గుణించి, కలిపి, భాగించి. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును (ఇది 9వ శతాబ్దిది) పావులూరి మల్లన తెనిగించెను. మల్లన కాలము 11వ శతాబ్దియా, 12వ శతాబ్ది ఆరంభమా అను వివాదము నిక్కడ ముట్టను. క్త్వార్థకములు వరుసగా దొర్లుచుండగా పద్యము తనంత తానే క్రియాక్రమమును పలుకును గనుక, గణితము చెప్పుటకు తెలుగు పద్యము మిక్కిలి అనువైనదని మాత్రము చెప్పి ముందునకు పోదును.

క్రమము ఎంత ప్రధానమో విలోమవిధి చక్కగా తెలుపును. ఆర్యభటుడును భాస్కరుడును దీనిని చెప్పిరి. ఒక సంఖ్యను 3చే గుణించి 4 కలుపగా 19 వచ్చినది. ఆ సంఖ్య యేది? చివర కట్టిన ముడిని ముందు విప్పవలెను. 19లో 4 తీసివేయగా 15. దానిని 3చే భాగింపగా 5. క్రియలను తలక్రిందులు చేసియు క్రమమును త్రిప్పక, ముందు 3చే భాగించి పిదప 4 తీసివేసినవానికి 7/3 వచ్చును. అతడు ప్రతిక్రియను సరిగనే చేసెను. లెక్క మాత్రము తప్పెను.

ఇక నేటి పాఠశాలలలో చిహ్నములను వరుసగా పేర్చి వ్రాయుదురు: 2 + 3 × 4. ఇందు సమాసము లేదు, క్త్వాంతమును లేదు. ఎడమనుండి వరుసగా చేసినచో 20, గుణకారమును ముందు చేసినచో 14. రెండును నిలువరాదు గనుక ఒక పరిభాష అవసరమైనది. కుండలీకరణములలోనిది మొదట, పిదప ఘాతమూలములు, ఆ పిమ్మట గుణకార భాగహారములు, తుదకు సంకలన వ్యవకలనములు. కావున 14 సరి. మీమాంసకులు శ్రుతి, లింగము, వాక్యము మొదలుగా ఆరు ప్రమాణములను చెప్పి, ముందుదానికంటె వెనుకటిది దుర్బలమనిరి గదా. ఇదియు అట్టి బలాబలవ్యవస్థయే.

ఇక్కడ ఒక చిక్కు కలదు. గుణకార భాగహారములు రెండును సమబలములు. సంకలన వ్యవకలనములును అంతే. 'బోడ్‌మాస్' అను పొడి అక్షరములను వల్లించిన పిల్లలు సంకలనపు అక్షరము ముందున్నది గదా యని, 10 − 4 + 3 అను చోట 4ను 3ను ముందు కలిపి 3 అందురు. సరియగు ఫలము 9. అట్లే 12 ÷ 2 × 3 అనగా 18; 2 కాదు. సమబలములు తారసిల్లినచోట ఎడమనున్నది ముందు జరుగును. తుల్యబలవిరోధమున పాణిని పరమునకు ప్రాబల్యమిచ్చెను. ఈ పరిభాష పూర్వమునకు ఇచ్చినది. వ్యాకరణ విద్యార్థికి ఈ ఒక్క వైపరీత్యము చెప్పినచో మరల మరువడు.

వృత్తఫలమున జరుగు పొరపాటును ఇట్టిదే. వ్యాసార్ధము 7 అయినచో దాని వర్గము 49; 22/7చే గుణింపగా 154. వర్గచిహ్నము వ్యాసార్ధమునకే చెందినదని గ్రహింపనివాడు 22/7ను 7చే గుణించి, వచ్చిన 22ను వర్గించి 484 అనును. ఆర్యభటుని మార్గమున ఈ పొరపాటునకు తావే లేదు: పరిధిలో సగమును వ్యాసములో సగముచే గుణింపుమనెను. 22ను 7చే గుణింపగా 154. భాస్కరుడు వ్యాసమున నాలుగవ పాలును పరిధిచే గుణింపుమనెను, అదియు 154. వర్గము లేనిచోట దానిని దేనికి అన్వయింపవలెనను సందేహమెక్కడిది? ఆరంభకులకు ముందు ఈ రూపమున చెప్పి, చిహ్నరూపమును పిదప చూపుట మేలని నా మతము.

త్రిభుజ దీర్ఘచతురస్రములు సులభములు, వానిని విడుతును. విషమచతుర్భుజమున మాత్రము క్రియాక్రమము సరిగా ఉన్నను ఫలము తప్పవచ్చును. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు దీనికి రెండు మార్గములు చెప్పెను. ఎదురెదురు భుజముల యోగార్ధములను గుణించుట స్థూలము. భుజములన్నింటి యోగార్ధమునుండి ఒక్కొక్క భుజమును తీసివేసి, నాలుగు శేషములను గుణించి మూలము తీయుట సూక్ష్మము. ఈ రెండవదియు, నాలుగు మూలలు ఒకే వృత్తముపై నున్న క్షేత్రమునకే సరిపడును. భాస్కరుడు లీలావతిలో భుజములన్నియు 25 గల చతుర్భుజమును గ్రహించి ఈ లోపమును బయటపెట్టెను. మూలలు సరిగా నిలిచినచో ఫలము 625. కర్ణములు 30, 40 అయినచో వాని గుణకారమున సగము, 600. కర్ణములు 14, 48 అయినచో 336 మాత్రమే. భుజములు మారలేదు, ఫలము సగమునకు దిగజాఱినది. లంబమునుగాని కర్ణమునుగాని చెప్పక ఫలము నడుగువాడు పిశాచమనియు, చెప్పువాడు అంతకంటె పెద్ద పిశాచమనియు ఆయన కటువుగా పలికెను.

ఆ రెండవ పిశాచమును నేనే. 1964 ప్రాంతమున, పాఠశాలలో చదువుచున్న నేను సెలవులకు ఇంటికి వచ్చితిని. మా పినతండ్రిగారు భావనపాడు వైపున కొబ్బరితోటకై ఇసుకనేల కొంత కొనుచు, శాస్త్రము చదువుకొన్న పిల్లవాడని లెక్క నాకప్పగించిరి. ఎదురెదురు గట్లు 60 గజములు, 60 గజములు; తక్కిన రెండు గట్లు 34, 34. నేను తడుముకొనక 60ను 34చే గుణించి 2040 చదరపు గజములంటిని. పైన చెప్పిన రెండు మార్గములును ఇచ్చట 2040నే ఇచ్చును గనుక నా ధైర్యమునకు మేర లేకపోయెను. సెంటుకు 48.4 చదరపు గజముల చొప్పున 42 సెంట్లకు సొమ్ము చెల్లినది.

అటుపిమ్మట కంచె వేయుటకు వచ్చిన కొలతగొలుసు మనిషి, అక్షరము రానివాడు, గట్లవైపు చూచి, "మూలకీ మూలకీ కొలవలేదా బాబూ? మడి పక్కకి ఒరిగి ఉంది గదా!" అన్నాడు. పొడుగు గట్టునకు నిలువుగా త్రాడు పట్టి ఎదురు గట్టు వఱకు కొలిచిచూపెను. లంబము 30. ఫలము 1800 చదరపు గజములు, అనగా 37 సెంట్లు. లేని అయిదు సెంట్లకు పినతండ్రిగారిచేత నేను సొమ్ము కట్టించితిని. ఆయన నన్నొక్క మాట యనలేదు. అమ్మినవానియందు మోసము లేదు. అతడును గట్ల కొలతలే నిజముగా చెప్పినాడు.

యోగార్ధముల గుణకారము వాస్తవఫలముకంటె ఎన్నడును తక్కువ చూపదు. దీర్ఘచతురస్రమున సరిపడును, తక్కిన ప్రతి క్షేత్రమునను ఎక్కువయే. అందుచే దానితో కొలిచిన ప్రతి క్రయమునను నష్టము కొనువానిదే. ఈ సంగతిని సూత్రముతోపాటు చెప్పని పాఠము అసంపూర్ణము.

ఇప్పటికిని ఇంటికి వచ్చి చదువుకొనువారికి చతుర్భుజ ప్రకరణము ఆరంభించు దినమున నాలుగు భుజములే చెప్పి ఫలమడుగుదును. చాలమంది వెంటనే గుణించుటకు పూనుకొందురు. అయిదవ కొలత యేదని ఎవరైన అడుగువఱకును వేచియుండి, పిదపనే పాఠము మొదలిడుదును.