చిరునామాలో ఊరు లేని నాన్న

మిరపకాయలు కల్లాలకు చేరే రోజులలో మా నల్లపాడు గాలికే ఒక ఘాటు వస్తుంది. అటువంటి ఒక మాఘమాసపు సాయంకాలం, ఆరవ తరగతి చదువుతున్న ఎదురింటి బాలిక ఒక కాగితం చేతబట్టుకొని మా అరుగు ఎక్కినది.

"మాస్టారూ, నాన్నకు ఉత్తరం రాశాను. తప్పులు దిద్దిపెడతారా?"

తండ్రి సైన్యంలో హవల్దారు. ఉత్తరంలో తప్పులు రెండో మూడో. నేను ఆగిపోయినది చిరునామా వద్ద. తండ్రి నంబరు, పేరు, దళం పేరు, ఆ పిదప '56 ఎ.పి.ఓ.' అంతే! ఊరూ లేదు, జిల్లా లేదు.

"బడిలో దేశపటం గీయించారండీ. మీ నాన్న ఉన్నచోట చుక్క పెట్టమన్నారు. ఎక్కడ పెట్టాలో తెలియలేదు. అందరూ నవ్వారు" అన్నది.

ఇది సైనిక తపాలా పద్ధతి. 56 సంఖ్య గల ఉత్తరాలు ఢిల్లీలోని కేంద్ర సైనిక తపాలా కార్యాలయానికీ, 99 సంఖ్య గలవి కలకత్తాలోని దానికీ చేరి, అక్కడినుండి దళాలకు పోతాయి. దళం ఉనికి శత్రువుకు తెలియరాదు గనుక ఈ గోప్యత అవసరమే. కాని శత్రువు కొరకు దించిన ఆ తెర పసిబిడ్డ కన్నులకూ అడ్డుపడుతున్నది.

పశ్చిమ గోదావరి జిల్లాలో, తాడేపల్లిగూడెం సమీపాన మాధవరమనే ఊరున్నది. మొదటి ప్రపంచ యుద్ధానికి తొంబదిమంది, రెండవ దానికి వేయిమందికి పైగా తమ ఊరినుండి వెళ్ళారని ఆ గ్రామస్థులు చెప్పుకొంటారు. జనం దానిని మిలటరీ మాధవరమంటారు. అక్కడ తండ్రి ఇంట లేకపోవడం ఏ బిడ్డకూ వింతకాదు. పక్కింటి బిడ్డదీ అదే కథ. మా నల్లపాడు తరగతి గదిలోనో? రైతుల బిడ్డలు, యార్డులో బస్తాలు మోసేవారి బిడ్డలు, రైల్వే ఉద్యోగుల బిడ్డలు ఉంటారు. వారి నాన్నలు రాత్రికి ఇల్లు చేరతారు. సిపాయి బిడ్డ ఒక్కతే అయినప్పుడు ఆ ఒంటరితనం రెట్టింపవుతుంది. పదిమంది ఉన్నచోటికన్న ఒక్కరున్నచోటనే ఉపాధ్యాయుని అవసరం ఎక్కువని నా అభిప్రాయం.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం అన్యాయం. తరచు బదిలీ అయ్యే కేంద్రోద్యోగుల పిల్లల కొరకు 1962లో ఒక పథకం ఆమోదించి, మరుసటి ఏట ఇరువది రెజిమెంటు పాఠశాలలతో సెంట్రల్ స్కూళ్ళను నెలకొల్పారు. అవే నేటి కేంద్రీయ విద్యాలయాలు. గుంటూరుకు చెందినది మా నల్లపాడులోనే ఉన్నది. ఎక్కడికి బదిలీ అయినా పాఠం మారదు; అది గొప్ప మేలు. తెలుగు అధ్యాపకుణ్ణి గనుక ఒక్కమాట అనకుండా ఉండలేను: ఊరూరా తిరిగిన ఆ పిల్లలు అమ్మమ్మకు ఉత్తరం రాయబోతే అక్షరాలు తడబడతాయి. అయితే కుటుంబాన్ని వెంట ఉంచుకోవడానికి వీలులేని సరిహద్దు స్థావరాలున్నవి. అప్పుడు తల్లీబిడ్డలు స్వగ్రామంలోనే ఉండిపోతారు. బిడ్డ ఊరిబడికి వస్తుంది.

ఆ బిడ్డకు కడుపునొప్పి వస్తుంది, నిద్ర పట్టదు, లెక్కలు తప్పుతాయి. వైద్యునికి చూపవలసిందే. కాని వైద్యుడు ఏమీ లేదన్నంతమాత్రాన బిడ్డ నటిస్తున్నదని తేల్చరాదు. రెండవ యుద్ధకాలంలో లండను నగరంలో శిశుగృహాలు నడిపిన అన్నా ఫ్రాయిడ్, డొరతీ బర్లింగ్‌హామ్‌లు, బాంబుల మోతకన్న తల్లినుండి ఎడబాటే పసివారిని ఎక్కువ కుంగదీసినదని గమనించారు. ఇరాక్, ఆఫ్ఘనిస్థాన్ యుద్ధాల పిదప అమెరికాలో సైనికుల పిల్లలను పరిశీలించినవారు, ఇంట ఉన్న తల్లి మనసు నిబ్బరంగా ఉంటే బిడ్డ తట్టుకొంటుందనీ, తండ్రి తిరిగివచ్చిన తరువాత కూడా కొన్ని చిక్కులు తప్పవనీ చెప్పారు. నాన్నను చూచి తలుపుచాటుకు పోయే మూడేళ్ళ పిల్లవాణ్ణి మన పల్లెలలోనూ చూస్తాము.

భయం ఊహామాత్రమూ కాదు. కోరుకొండ సైనిక పాఠశాలలో చదువుకొన్న సూర్యాపేట వాసి కర్నల్ సంతోష్ బాబు 2020 జూన్‌లో గల్వాన్ లోయలో నేలకొరిగినప్పుడు ఇద్దరు పసిబిడ్డలను విడిచివెళ్ళారు. ఆనాడు ఆ వార్త విన్న సిపాయి ఇళ్ళలో పిల్లలు ఏమి తలపోసి ఉంటారు? మనం మాత్రం ఆగస్టు 15న వారిని వేదిక ఎక్కించి, వీరుని బిడ్డ ఏడవరాదని చెబుతాము. ఏడ్చే హక్కును కూడా దేశభక్తి పేరిట లాగుకోవడం నాకు నచ్చదు.

ఒక బడిలో, తండ్రి సెలవుమీద వచ్చిన వారం రోజులు రానందుకు ఒక బాలుణ్ణి ఎండలో నిలబెట్టారు. ఏడాదికి ఒకటి రెండుసార్లు దొరికే నాన్న అతడు! హాజరుపట్టీలో ఆ వారం ఖాళీగా ఉంటే కొంప మునగదు. సరిహద్దులో కాల్పుల వార్త వచ్చిననాడు తరగతిలో అందరి ఎదుట ఆ బిడ్డను ప్రశ్నించకుండా, విరామంలో పక్కన కూర్చుంటే చాలును. ఇంటి ఇబ్బందులుంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం దారి తల్లికి చెప్పవచ్చును.

ఎదురింటి బాలిక ఉత్తరం దిద్ది ఇచ్చాను. చివర ఆమె కొత్తగా చేర్చిన వాక్యం ఇది: "అమ్మమ్మ కొత్తకారం పట్టించింది. నీకు పంపనా?" సైనిక తపాలాలో కారం పొట్లం పోతుందో లేదో నాకు తెలియదు. రేపు తపాలా కార్యాలయంలో అడిగి చెబుతానన్నాను.