మోటారు సైకిలు ఇంజను మూతపై గీతలు: ఇంటియందే బాగుచేసికొను విధము

శంకరపల్లి, చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతముల రైతులలో పెక్కుమందికి నేడు మోటారు సైకిలే బండియు నెద్దును. పాలు, కూరలు, పూలు దానిమీదనే హైదరాబాదు చేరుచున్నవి. మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ఒకనాడు మన పల్లెలవంటి పల్లెలే. 1998వ సంవత్సరమున మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట ఆ ప్రాంతము హైటెక్ సిటీ యనియు, సైబరాబాదనియు పేరొంది మేడలతో నిండినది. మన బిడ్డలలో పలువురు అచ్చట బండిపై మనుష్యులను, పొట్లములను చేరవేసి జీవించుచున్నారు.

కట్టడముల యొద్ద చెదరిన కంకరపై చక్రము జారి బండి ఒరిగినచో, నేలకు రాచుకొను భాగములలో ఇంజను ప్రక్కమూత యొకటి. కుడివైపు క్లచ్ కవరు, ఎడమవైపు మ్యాగ్నెట్ కవరు ఇట్లే గీతలు పడును. గీత చూడగానే కొందరు బెదరి క్రొత్త మూత కొందురు. కొందరు పెట్రోలుతో కడిగి, చేతికి దొరికిన రంగు పూయుదురు. మొదటిది ధననష్టము, రెండవది ప్రాణాపాయము. కావున ఈ పని క్రమమును సభ్యులు తెలిసికొనుట మేలు.

గీతయా, పగులా?

ఈ మూతలు సామాన్యముగా అల్యూమినియపు పోతపనివి. పైగీత వలన ఇంజను బలము తగ్గదు. అల్యూమినియము ఇనుమువలె త్రుప్పు పట్టదు; తడి తగిలినచోట తెల్లని పొడి మాత్రము లేచును. పూర్వపు బుల్లెట్ బండ్లలో సిలిండరు పోత యినుముది గనుక అది త్రుప్పు పట్టును. దానికి రంగు మిక్కిలి అవసరము.

పగులు సంగతి వేరు. సన్నని పగులునుండి నూనె బొట్టుబొట్టుగా కారిపోవును. చిన్న బండ్లలో ఇంజను నూనె సుమారు 1 లీటరే. అది తరిగినచో లోపలి పిస్టను పట్టుకొని ఇంజనే పాడగును. కావున రంగు పూయకమునుపే పరీక్షింపవలెను. విప్పి శుభ్రము చేసిన మూత వెలుపలివైపు సుద్దపొడిని నీటితో కలిపి పూసి ఆరనిండు. లోపలివైపు కిరసనాయిలు రాచి కొంతసేపు ఉంచుడు. పగులున్నచో కిరసనాయిలు దానిగుండ ఊరి సుద్దపై నల్లని గీతవలె కనబడును. అట్టి మూతను ఇంట బాగుచేయ ప్రయత్నింపక పనివానికి చూపవలెను. సిలిండరు లోపలి గీతలు సయితము ఇంటిపని కావు.

విప్పుట, కడుగుట

ఇంజను చల్లారిన పిమ్మట నూనెను పాత్రలోనికి దించవలెను. ఆ నూనెను బావియొద్దగాని కాలువయందుగాని పారబోయరాదు. మర లన్నియు ఒకే పొడవు గలవి కావు. ఒక అట్టపై మూత ఆకారము గీసి, ఏ రంధ్రపు మరను ఆ చోటనే గ్రుచ్చి యుంచినచో తారుమారు కావు. మూతక్రింది ప్యాకింగు చినుగుట సహజము. క్రొత్తది ముందుగా తెచ్చికొనక విప్పరాదు. గీతలు స్వల్పమైనచో మూత విప్పకయే, చుట్టును కాగితము, అంటుపట్టీ కప్పి పనిచేయవచ్చును.

జిడ్డు వదలించుటకు కిరసనాయిలు గాని డీజిలు గాని చాలును. పిదప సబ్బునీట కడిగి బాగుగ ఆరబెట్టవలెను. పెట్రోలు వాడరాదు. దాని ఆవిరి చలికాలమందును లేచి, నేలవెంట ప్రాకి, దూరమున నున్న పొయ్యినుండి సయితము అంటుకొనును. కాస్టిక్ సోడా అసలే పనికిరాదు. అది అల్యూమినియమును తినివేయుటయేగాక మండెడి వాయువును పుట్టించును.

రాచుట, పూయుట

మొదట 220 నంబరు గరుకుకాగితముతో గీత అంచులను, చుట్టునున్న పాతరంగును రాచి, తరువాత 400 నంబరు నీటికాగితముతో నునుపు చేయవలెను. లోతు గీతలకు లోహపు పనికై అమ్ము, వేడికి తాళు ఎపాక్సి ముద్దను నింపి, గట్టిపడిన పిమ్మట రాచవలెను. నీటి గొట్టములకు వాడు సామాన్యపు ముద్ద ఇంజను వేడికి చిరకాలము నిలువదు.

అల్యూమినియముపై రంగు తిన్నగా పట్టదు. గాలి తగిలినంతనే దానిపై పలుచని పొర యేర్పడుటయే కారణము. కావున రాచిన దినముననే ఆ లోహమునకు తగిన ప్రైమరు పూయవలెను. దానిపై ఇంజనుకని చెప్పి అమ్ము వేడికి తాళు రంగునే వాడవలెను. తలుపుల రంగు కొలది దినములలోనే పొక్కులు లేచి రాలును. సైలెన్సరు వేడి మిక్కిలి యధికము గనుక దాని రంగు వేరు. ఒక దట్టమైన పూత కన్న మూడు పలుచని పూతలు మేలు. పూతకు పూతకు నడుమ డబ్బాపై చెప్పినంతసేపు ఆగవలెను.

ఈ పని ఆరుబయట నీడలో చేయవలెను. మేడల క్రింది సెల్లారులలో గాలి యాడదు. అచ్చట చిమ్మురంగు వాడినచో ఊపిరికి హాని, నిప్పు భయము రెండును గలవు. ముక్కునకు తగిన మాస్కు ధరింపవలెను. చేతిరుమాలు రంగు ఆవిరి నాపజాలదు.

వేడికి తాళు రంగులలో పెక్కు వేడి తగిలినగాని పూర్తిగా గట్టిపడవు. మూత బిగించి, నూనె కొలత ప్రకారము పోసి, మరునాడు ఇంజనును కొలది నిమిషములు నడిపి పూర్తిగా చల్లారనిండు. ఇట్లు రెండు మూడు మారులు, ప్రతిమారును కొంచె మెక్కువసేపు నడుపవలెను. అంతవరకు పెట్రోలు చుక్క పడినను రంగు కరుగును. వంటింటి పొయ్యిపైగాని, ఆహారము వండు ఓవెనులోగాని ఈ మూతలను కాల్చరాదు.

రంగు తగులరాని చోట్లు

ప్యాకింగు కూర్చుండు ముఖము, మరల రంధ్రములు, ఎర్తు తీగ తగులు చోటు, గాలి వెడలు రంధ్రము, వీనిపై రంగు పడరాదు. సిలిండరు రెక్కలపై దట్టముగా పూసినచో వేడి బయటికి పోదు. అన్నిటికన్న ముఖ్యమైనది ఇంజను నంబరు. అది రిజిస్ట్రేషను పత్రమున వ్రాయబడి యున్నది. దానిని రాచినను, ముద్దతో పూడ్చినను, తనిఖీయందు దొంగబండి యను అనుమానము వచ్చి, బండి యమ్ముటయు కష్టమగును. మొదటనే దానిపై అంటుపట్టీ వేయవలెను.

సంఘముగా చేసినచో

ఒక మూతకు ఒక డబ్బా రంగు పూర్తిగా అక్కరలేదు. తెరచిన డబ్బా మూల పడియుండి గట్టిపడును. గ్రామమున నలుగురైదుగురు సభ్యులు కలిసి ఒక డబ్బా ప్రైమరు, ఒక డబ్బా రంగు, కాగితములు, పానాల పెట్టె కొని ఒకే దినమున పనిచేసికొన్నచో ఖర్చు పంచుకొనబడును. తెలిసినవాడు తెలియనివానికి నేర్పును. విత్తనములను, ఎరువులను కలిసి కొనుట నేర్చిన మనకు ఇది క్రొత్త విద్య కాదు. రంగుకన్న ముందు సుద్ద పరీక్ష మరువకుడు. అందమైన మూతక్రింద నూనె కారుచున్న బండి, తెల్లవారుజామున పాలక్యానులతో నడిరోడ్డున నిలిచినచో, ఆ దినపు పాలును పోవును, ఇంజనును పోవును.