చేప తిండియు, చేప కోపమును



మాంసము మేపిన చేప క్రూరమగుననియు, పిండి మేపిన చేప సాధువగుననియు ఒక మాట మన వైపు వినబడుచున్నది. ఆదోనిలో గాజుతొట్లయందు ఆస్కారు మొదలగు పెద్దచేపలను ముచ్చటకు పెంచుకొనువారును, ఎమ్మిగనూరు చుట్టుపట్ల పొలపు గుంటలలో కొర్రమీలను పెంచు రైతులును ఈ మాటనే నాతో చెప్పిరి. భగవద్గీత పదునేడవ యధ్యాయమున ఆహారము సాత్త్విక రాజస తామసములని మూడు విధములుగా చెప్పబడుటచే ఈ నమ్మకమునకు బలము కలిగినది కాబోలు. ఆ విభాగము మనుష్యులనుగూర్చి చెప్పినది. దానిని కొర్రమీనుపై మోపుట నాకు సమ్మతము కాదు.

కొర్రమీను పుట్టుకచేతనే మాంసాహారి. పురుగులు, కప్పలు, చిన్నచేపలు దాని తిండి. నీటిపైకి వచ్చి గాలి పీల్చుకొనగలదు గావున ఇతర జాతులు బ్రతుకజాలని బురదగుంటలోను అది బ్రతుకును. ఎఱ్ఱని పిల్లలగుంపు నీటిపై తేలియాడుచుండగా క్రింద పెద్దచేప కావలి కాయుట మీలో అనేకులు చూచియే యుందురు. ఇంత వాత్సల్యము గల జాతిలోనే, కొంచెము ఎదిగిన పిల్లలు ఆకలిగొన్నప్పుడు తోబుట్టువులను మ్రింగును. దానికి తవుడును వేరుసెనగ చెక్కయు మాత్రమే వేసినచో సాధువగునా? ఆ తిండి దానికి చాలదు. ఆకలి తీరక ప్రక్కదానిపై పడును. బొచ్చెచేప సాధువుగా నుండుట తవుడు తినుటవలన కాదు. నీటిలోని సూక్ష్మప్రాణులను వడకట్టి తినునట్లు దాని నోరు ఏర్పడియున్నది; వేటాడు పనిముట్టే దానికి లేదు.

నీతిశాస్త్రములు మాత్స్యన్యాయమని పేర్కొనునది పెద్దచేప చిన్నచేపను మ్రింగుటయే. శతపథ బ్రాహ్మణములో మనువు చేతికి చిక్కిన చిఱుచేప ఈ భయమునే చెప్పుకొని, తన్ను మొదట కుండలోను, పెరిగిన పిదప గోతిలోను, ఆపైన సముద్రములోను ఉంచుమని వేడుకొనినది. నేటి గాజుతొట్టికి ఆ కుండయే పూర్వరూపమని నేను నవ్వులకు అనుచుందును. ఆ చేప మెత్తని తిండి కోరలేదు. తన పరిమాణమునకు తగిన వేఱు చోటు కోరినది. చేపలు పెంచువారికి అందులో పెద్ద రహస్యమే యున్నది.

ఎమ్మిగనూరు దాపున ఒక గ్రామములో అన్నదమ్ము లిరువురు ఒక గుంటలో కొర్రమీను పిల్లలను విడిచిరి. కొంతకాలమునకు వల వేసి చూడగా లెక్కలో సగము లేవు. కావలివాడు దొంగిలించెనని అతని జీతము నిలిపివైచిరి. సంగతి రచ్చబండకు వచ్చినది. నన్నును పిలిచిరి. పిల్లలను రెండు తావులనుండి తెచ్చుటచే కొన్ని బొటనవ్రేలంత, కొన్ని చూపుడువ్రేలికి రెట్టింపు పొడవు గలవి. దినమునకు ఒక్కసారి, అదియు ఒక్క మూలనే, మేత వేయుచుండిరి. బలిసిన రెండు మూడు పిల్లలను కోసి చూడుడని చెప్పితిని. ఒకదాని కడుపులో సగము జీర్ణమైన పిల్ల కనబడినది. నేను శాకాహారిని, ఆ దృశ్యము నాకు రుచించలేదు. కాని కావలివానికి జీతము ముట్టినది.

చేప నోటిలో పట్టునంతటి చేప దాని ప్రక్కన ఉన్నంతవరకు, మేత సమృద్ధిగా నున్నను అపాయము తగ్గునే కాని పూర్తిగా పోదు. ఒకే పరిమాణము గలవై, కడుపు నిండినచో మాత్స్యన్యాయము చాలవరకు సడలును.

ఇక కొట్లాట వేఱు. గాజుతొట్టిలో ఆస్కారు చేప మఱియొకదానిని కఱచుట ఆకలిచే కాక, తన చోటును, గ్రుడ్లు పెట్టు తావును కాపాడుకొనుటకు. దానికి తిండి మందు కాదు, చోటే మందు. అయితే మేత ఒకే మూల వేసినచో బలమైన చేప ఆ మూలను ఆక్రమించుకొని కూర్చుండును.

తిండిలోని పదార్థమునకు కోపముతో సంబంధమే లేదా యందురేమో. కలదు. మాంసకృత్తులలో ట్రిప్టోఫాన్ అను ఒక భాగము గలదు. మెదడులో సెరోటోనిన్ అను ద్రవ్యము దానినుండియే తయారగును. 2001వ సంవత్సరమున స్వీడన్ దేశపు పండితులు ట్రౌట్ అను చేప పిల్లలకు దానిని మేతలో అధికముగా కలిపి పెట్టగా, మూడు దినములలో మార్పు కనబడలేదు. ఏడు దినములకు కలహశీలము తగ్గినది. 2003లో తైవానులో సముద్రపు చేపలగు గ్రూపరు పిల్లలయందును ఇట్టి మేతచే ఒకదాని నొకటి తినుట తగ్గినట్లు ప్రకటించిరి. ఇవి రెండును పిల్లచేపలపై చేసిన పరీక్షలు. వీనిని నమ్ముకొని గుంటలో పొడులు చల్లుట తొందరపాటు.

కొర్రమీలను పెంచగోరు యువకులు మీ యొద్దకు సలహాకు వచ్చినచో, పిల్లలను ఒకే పరిమాణమువానిని కొనుమని చెప్పుడు. కనీసము పక్షమునకు ఒకసారి వల వేసి, ఎదిగినవానిని వేఱు గుంటకు మార్చవలెను. ఎండుచేపల పొడి కలిసిన మేతను క్రమముగా అలవాటు చేసి, దినమునకు రెండు మూడు సారులు గుంటయంతట చల్లవలెను. మిగిలిన మేత క్రుళ్లి నీరు చెడును గావున, చల్లినది ఎంతసేపటిలో తినుచున్నవో నిలిచి చూడవలెను. చైత్ర వైశాఖములలో మన సీమయందు గుంటలు ఎండి చేపలు ఇరుకున పడును. ఆ దినములలో వానిని పలుచచేయుట మేత పెంచుటకంటె ముందు చేయవలసిన పని.