మసక వెలుతురులో మన పిల్లల ఆట

మన యిండ్ల గోడలపై పెండ్లిపీటల నాటి పటములుండును. పాపాయి బోర్లపడిన నాటిది, అన్నప్రాశన నాటిది, ఓణీలు వేసిన నాటిది నుండును. ఆ యింటి బాలిక వేకువనే లేచి, షటిలు బ్యాటు భుజమున తగిలించుకొని పోయి, చెమటోడ్చి యాడిన యాటకు మాత్రము ఆ గోడపై తావు దొరకుట అరుదు. ఒకవేళ నున్నను, అది బహుమతి కప్పు చేతబట్టి వరుసలో నిలిచిన పటమే యగును. ఆమె గాలిలోని కెగిరి షటిలును కొట్టిన క్షణము ఎవరియొద్దను లేదు. తలిదండ్రులు ఫోటో తీయకపోలేదు. తీసిన ఫోటోలో ముఖము చెదరి, చేయి పొగవలె కనబడి, మందిరమంతయు పసుపుపచ్చని చీకటిగా తోచినందున దానిని తుడిచివేసిరి.

ఇట్లేల జరుగుచున్నది? దీనికి ఉపాయమేమి? ఈ రెండు ప్రశ్నలకు సోదరీమణులకు సులభముగా బోధపడునట్లు సమాధానము చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. వెల గల కెమేరా యున్నవారికి మాత్రమే గాక, చేతిలో ఫోను తప్ప వేరొకటి లేని తల్లులకును ఇందు పనికివచ్చు సంగతులు కలవు.

మందిరములో వెలుతురు ఏల తక్కువ?

షటిలు కాక్ మిక్కిలి తేలికైన వస్తువు. పదునారు యీకలతో కట్టిన దాని బరువు 4.74 గ్రాములకును 5.50 గ్రాములకును నడుమ నుండవలెనని నియమము. కొంచెము గాలి వీచినను అది దారి తప్పును. కావున ఆట జరుగు మందిరమున కిటికీలు మూసియుంతురు. తెల్లని షటిలు స్పష్టముగా కానవచ్చుటకై గోడలకు ముదురురంగు వేయుదురు. పైకి చూచు క్రీడాకారిణి కన్నులు చెదరకుండుటకై దీపములను కోర్టునకు నడినెత్తిన గాక ప్రక్కలయందు అమర్చుదురు. టేబుల్ టెన్నిసు మందిరములలో సైతము ఇంచుమించుగా నిట్టి యేర్పాటే కానవచ్చును. ఆటకు హితమైన ఈ యేర్పాట్లన్నియు ఛాయాచిత్రమునకు కష్టము కలిగించునవే.

మన కన్ను మిగుల నేర్పరి. మిట్టమధ్యాహ్నపు టెండలో సుమారు 1,00,000 లక్సుల వెలుతురుండగా, సామాన్యమైన పాఠశాల క్రీడామందిరమున 300 మొదలు 500 లక్సులు మాత్రమే యుండును. అనగా ఎండలో రెండువందలవ వంతునకు మించదు. అయినను కన్ను తన్ను తాను సవరించుకొనుటచే మనకా భేదము తోచదు. కెమేరా మాత్రము కొలిచినట్లే చూచును.

వెలుతురు చాలనప్పుడు కెమేరా తన తలుపును, అనగా షట్టరును, ఎక్కువసేపు తెరచియుంచును. ఆ వ్యవధిలో పిల్ల కదలిపోవును. ఒక లెక్క చూడుడు. సెకనుకు 10 మీటర్ల వేగముతో కదలుచున్న చేయి, షట్టరు సెకనులో 60వ వంతు కాలము తెరచియున్నచో ఇంచుమించు 17 సెంటీమీటర్లు జరుగును. అది జానెడు దూరము. 500వ వంతు కాలములో 2 సెంటీమీటర్లును, 1,000వ వంతు కాలములో ఒక్క సెంటీమీటరును జరుగును. పొగవలె కనబడు చేతి రహస్య మిదియే.

కెమేరా గలవారు చేయవలసినది

ప్రతి కెమేరాయందును వెలుతురును దిద్దుకొను మార్గములు మూడు కలవు: షట్టరు తెరచియుండు కాలము, లెన్సు కంత వెడల్పు, వెలుతురును గ్రహించు చురుకుదనము. ఈ మూడవదానినే ఐ.ఎస్.ఓ. అందురు. ఆటను నిశ్చలముగా పట్టవలెనన్నచో షట్టరు కాలమును 500వ వంతునకు తగ్గించుట ప్రథమ కర్తవ్యము. పెద్దపిల్లల వేగమైన స్మాషులకు 1,000వ వంతు ఉత్తమము. కెమేరాపై నుండు చక్రమును 'ఎస్' అను అక్షరమునకు గాని, కొన్నిటిలో 'టీవీ' అను గురుతునకు గాని త్రిప్పినచో ఈ కాలమును మనమే నిర్ణయింపవచ్చును.

రెండవది లెన్సు. కెమేరాతో గూడ వచ్చు సామాన్యపు లెన్సు దూరపు వస్తువును దగ్గరకు తెచ్చునప్పుడు దాని కంత ఎఫ్ 5.6 వరకు ఇరుకగును. 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు చిన్నది, తేలికైనది, అట్టివానిలో చవుకైనది. అయినను ముందు చెప్పినదానికంటె ఇంచుమించు పదిరెట్లు వెలుతురును లోనికి రానిచ్చును. కొత్త కెమేరా కొనుటకంటె ఇట్టి లెన్సొకటి సంపాదించుట మేలు.

మూడవది ఐ.ఎస్.ఓ. పైన చెప్పిన 500 లక్సుల మందిరమున, ఎఫ్ 2.8 కంతతోను 500వ వంతు షట్టరుతోను తీయుటకు 2,000కు మించిన ఐ.ఎస్.ఓ. కావలెను. ఎఫ్ 5.6 కంతతోనైనచో 8,000కు పైబడును. సంఖ్య పెరిగినకొలది బొమ్మలో ఇసుక చల్లినట్లు రవ్వలు కానవచ్చును. పలువురు దీనికి జంకి సంఖ్యను తగ్గించి, చెదరిన బొమ్మను తెచ్చుకొందురు. రవ్వలున్న బొమ్మలో పిల్ల కన్నులు కనబడును. చెదరిన బొమ్మలో నవి కనబడవు. కావున రవ్వలకు వెరవరాదు. రంగులు మరీ వికారముగా నున్నచో ఆ బొమ్మను నలుపు తెలుపులకు మార్చిన నిండుదనము వచ్చును.

మరియొక చిక్కు కలదు. మన దేశపు విద్యుత్తు సెకనుకు 100 మారులు దిశ మార్చుకొనును. అందువలన కొన్ని దీపములు సెకనుకు 100 మారులు హెచ్చి తగ్గుచుండును. ఇది కంటికి తెలియదు. వెంటవెంటనే తీసిన ఫోటోలలో ఒకటి వెలుగుగాను, ఒకటి మసకగాను వచ్చినచో కెమేరా చెడినదని తలపరాదు. ఈ మధ్యకాలపు కెమేరాలు పెక్కింట దీనిని సరిచేయు అమరిక కలదు. లేనిచో అదే యాటను రెండు మూడు ఫోటోలుగా వరుసగా తీసి మంచిదానిని ఏరుకొనవలెను.

ఫోను మాత్రమే యున్నవారికి

మొట్టమొదట ఫోను లెన్సును మెత్తని పొడిగుడ్డతో తుడువవలెను. వంటింటి చేతిజిడ్డు దానిపై నిలిచినచో దీపములన్నియు పొగమంచులోనివలె కనబడును. రాత్రి దృశ్యముల కేర్పడిన 'నైట్ మోడ్' అను పద్ధతిని ఆపివేయవలెను. అది పెక్కు బొమ్మలను తీసి ఒకటిగా కలుపును గనుక కదలు పిల్ల నీడవలె కనబడును. తెరపై రెండు వ్రేళ్లతో లాగి బొమ్మను పెద్దది చేయుటకంటె, సెలవు గైకొని నాలుగడుగులు ముందునకు పోవుట మేలు. ఫోనులో పెక్కు లెన్సులున్నను, సాధారణముగా 1 అను అంకెగల ప్రధానపు లెన్సే ఎక్కువ వెలుతురును గ్రహించును. బిడ్డ ముఖముపై వ్రేలుంచి, తెరపై వెలుతురు గుర్తును కొంచెము క్రిందికి దింపినచో షట్టరు వేగము హెచ్చుట కవకాశము కలుగును.

ఇన్ని చేసినను ఫోను ప్రతి స్మాషును పట్టజాలదు. కావున ఫోను గలవారికి తరువాతి విషయము మరింత ముఖ్యము.

ఆట తెలిసిన కన్ను

ఎంత వేగమైన యాటలోనైనను నిలుకడ క్షణములు కలవు. పైకి విసరిన బంతి దిగివచ్చుటకు ముందు ఒక్క లిప్త నిలుచును. అట్లే ఎగిరిన పిల్లయు ఎత్తు ముగిసినచోట క్షణమాత్రము నిలుచును. టేబుల్ టెన్నిసులో సర్వీసు చేయునప్పుడు బంతిని 16 సెంటీమీటర్లకు తగ్గకుండ పైకి వేయవలెనని నియమము. ఆ సమయమున బాలిక చూపంతయు బంతిపైనే యుండును. మోము తేటగా కనబడును. షటిలులో సర్వీసునకు ముందు ఇరువురును ఊపిరి బిగబట్టి నిలుతురు. కబడ్డీలో ఒక్కొక్క కూతకు 30 సెకనుల గడువు. గీత దాటి పోయిన పిల్ల అటునిటు తొణికి, మీదపడబోవు ముందు ఒక్కసారి ఆగును. ఈ తావులను ఎరిగినవారు 125వ వంతు షట్టరుతో సైతము చక్కని పటమును సాధింపగలరు.

ఇందులకు కావలసినది ఆట తెలియుట. తన బిడ్డ స్మాషు కొట్టుటకు ముందు ఎడమచేతిని పైకి చాచునా, పెదవి కొరుకునా, ఓడిన పాయింటు పిమ్మట బ్యాటు తీగెలను సవరించుకొనునా యను విషయము, దినదినము చూచు తల్లికి తెలిసినంతగా అన్యులకు తెలియదు. పత్రికల ఛాయాగ్రాహకునకు లేని యీ జ్ఞానము తల్లికి ఊరకనే లభించును. మొదటి యాటను ఫోటో తీయక కేవలము చూచి, రెండవ యాటనుండి తీయుట మంచి పద్ధతి.

కూర్చుండు చోటును ముందుగా నెన్నుకొనవలెను. పై మెట్లనుండి తీసినచో పిల్లల పాపిడి మాత్రమే కనబడును. కోర్టు మూలకు చేరువగా, అంపైరు అనుమతితో, నేలపై కూర్చుండి మోచేతులను మోకాళ్లపై నానించినచో కెమేరా కదలదు. పిల్ల మోము నిండుగా కనబడును. వెనుక చీకటిగోడ యుండుటచే బొమ్మ తీరుగా వచ్చును.

మెరుపుదీపము వలదు

చీకటిగా నున్నది గదాయని ఫ్లాషును వెలిగింపరాదు. షటిలు పోటీలయందు దానిని సాధారణముగా నిషేధింతురు. కన్నులయెదుట మెరుపు మెరసినచో ఆడు పిల్ల షటిలును కానలేదు; పాయింటు పోవుటయే గాక దెబ్బయు తగులవచ్చును. పైగా దానివలన లాభమును స్వల్పమే. 3 మీటర్ల దూరమున పడు వెలుగులో 12 మీటర్ల దూరమునకు చేరునది పదునారవ వంతు మాత్రమే. 13.4 మీటర్ల కోర్టులో ఆవలి కొసనున్న బిడ్డకు ఫోను ఫ్లాషు చేయు ఉపకారమేమియు లేదు.

అనుమతియు మర్యాదయు

1892వ సంవత్సరమున హైదరాబాదులో లాలా దీన్ దయాళ్ స్త్రీలకొరకు ప్రత్యేకముగా ఒక జనానా స్టూడియో నెలకొల్పి, దాని నిర్వహణమును ఒక ఆంగ్ల వనిత కప్పగించెను. పరపురుషుల కంటబడకుండ స్త్రీలు తమ పటములను తీయించుకొనుట కది యేర్పాటు. ఆ ఘోషా తొలగిపోయినది, సంతోషమే. కాని తన పటము ఎవరి చేతికి పోవునో నిర్ణయించు హక్కు నాటి స్త్రీల కెంత యవసరమో నేటి బాలికలకును అంతే యవసరము. ఆటదుస్తులలో నున్న బాలికల చిత్రములను దుర్బుద్ధితో వాడుకొను వారును లోకమున కలరు. కావున ఇతరుల పిల్లలున్న ఫోటోను వారి తలిదండ్రుల నడుగక పదిమందికి పంపరాదు. పిల్ల పేరు, బడి పేరు దానిక్రింద వ్రాయరాదు. తన బిడ్డదైనను ఆ బిడ్డకు చూపి, ఆమె సమ్మతించినదానినే పంపవలెను. ఓడి యేడ్చుచున్న మోమును తీయుటకంటె, కెమేరా ప్రక్కనుంచి దగ్గరకు పోవుట తల్లికి తగిన పని.

పటమువలన ప్రయోజనము

సిడ్నీ ఒలింపిక్సున 2000లో కంచుపతకము గెలిచి, ఒలింపిక్ పతకము పొందిన తొలి భారత వనితయైన కరణం మల్లేశ్వరి శ్రీకాకుళపు బిడ్డ. పి.వి. సింధు 2016లో రియోయందు వెండిపతకమును, 2019లో ప్రపంచ విజేత పదవిని గాంచెను. నిజామాబాదు బాలిక నిఖత్ జరీన్ 2022లోను, 2023లోను ముష్టియుద్ధమున ప్రపంచ విజేత యయ్యెను. బరువులెత్తుట, షటిలు, ముష్టియుద్ధము మూడును మందిరముల దీపకాంతిలో జరుగునవే. వీరి పటములను లోకమంతయు తీసినది. మన పిల్లలందరును అట్టి పేరు పొందుదురని కాదు. పండ్రెండు పదుమూడేండ్లు రాగానే, చదువనియు, ఎదిగిన పిల్లయనియు చెప్పి ఎందరో బాలికలచే బ్యాటును క్రింద పెట్టించుచున్నారు. ఆ పిల్లలయందు ఆట యుండెననుటకు సాక్ష్యమైనను మిగులుట లేదు.

దీపముండగానే యిల్లు చక్కబెట్టుకొనవలెనని మన పెద్దలు చెప్పుదురు. క్రీడామందిరపు దీపము మసకదైనను, అది వెలుగుచుండగనే తీయవలసిన పటము కలదు. గాలిలో తేలి, కన్నులు పైకెత్తి, తన బలమునందు తాను నమ్మకముంచిన బాలిక పటమది. రవ్వలున్నను సరే, దానిని అచ్చువేయించి పెండ్లి పటముల సరసనే తగిలింపుడు. రేపు ఎవరైన ఆట మానుమని చెప్పినప్పుడు, ఆ బాలిక యొకమారు గోడవైపు చూచుకొనును.