మెట్లమీద భార్యాభర్తలు

రాత్రియంతయు పరస్త్రీ యింట గడపిన భర్త తెల్లవారి ఇల్లు చేరి, భార్య శీలమును గూర్చి విచారణ జరుపుట! ఈ దృశ్యము మనకు క్రొత్తది కాదు. అయినను 1968వ సంవత్సరమున అమెరికాలో వెలువడిన "ఫేసెస్" అను చిత్రమున దానిని చూచిన పిమ్మట మేము కొంతసేపు కుర్చీనుండి లేవలేకపోతిమి.

దీనిని వ్రాసి దర్శకత్వము వహించినవాడు జాన్ కసావెటీస్. ఆయన నటుడు, స్టూడియోల చిత్రములలో వేషములు వేసి గడించిన సొమ్మును తన సొంత చిత్రములపై వెచ్చించినవాడు. 1965లో లాస్ ఏంజెలీస్ నగరమున తన యింటను, అత్తగారి యింటను కెమెరా నిలిపి, 16 మిల్లీమీటర్ల నలుపు తెలుపు ఫిల్ముపై ఆరు నెలలు చిత్రీకరించెను. కూర్పునకు దాదాపు మూడేండ్లు పట్టినది. పెట్టుబడిదారునకు జవాబు చెప్పుకొనవలసిన అగత్యము లేనివాడే ఇట్టి చిత్రము తీయగలడు.

కథ స్వల్పము. రిచర్డ్ సంపన్నుడైన వ్యాపారి. ఒక రాత్రి భార్యయగు మేరియాతో పరిహాసములాడి, పకపక నవ్వి, హఠాత్తుగా విడాకులు కావలెననును. ఆమె యెదుటనే జీనీ యను వేశ్యకు టెలిఫోను చేసి వెడలిపోవును. మేరియా స్నేహితురాండ్రతో నృత్యశాలకు పోయి, చెట్ అను యువకుని ఇంటికి తెచ్చుకొనును. తెల్లవారునప్పటికి నిద్రమాత్రలు మితిమీరి మ్రింగి పడియుండును. ఆమెను బ్రతికించువాడు ఆ యువకుడే. భర్త రాక తెలిసి కప్పుమీదుగా పారిపోవువాడును అతడే.

ఇందలి వారందరును ఎడతెగక నవ్వుచుందురు. మాటలు కరవైనప్పుడెల్ల ఒక హాస్యకథ, ఒక పాట, మరియొక గ్లాసు. ఆ నవ్వు ఆగిన క్షణమున కెమెరా ముఖమునకు అతిసమీపమున నుండును. దాగుటకు చోటు లేదు. త్రాగుడు ఘట్టములు కొన్ని మా ఓర్పును పరీక్షించిన మాట నిజమే.

ఇట్టి కథలు సంసారములను చెరచునని కొందరు మిత్రులందురు. మేమంగీకరింపము. ఇందు పాపము ఎవరికిని తీయగా లేదు. అంతకన్న మన శాసనమెట్లుండెను? 1860 నాటి శిక్షాస్మృతి 497వ సెక్షను ప్రకారము, తన భార్యతో వ్యభిచరించిన పురుషునిపై భర్త ఫిర్యాదు చేయవచ్చును; భర్త పెడత్రోవ పట్టినచో భార్యకు ఆ హక్కు లేదు. భర్త సమ్మతించినచో అసలు నేరమే లేదు! ఆలి యనగా అతని పొలమో, మామిడితోటయో యన్నట్లు. సుప్రీంకోర్టు దానిని కొట్టివేసినది 2018లో.

రిచర్డ్ కోపమునందు మాకు ఆ సెక్షను వాసనయే కొట్టినది. తానా రాత్రి ఎచ్చట పరుండెనో అతనికి ఆ నిమిషమున స్మరణకు రాదు.

మేరియా పాత్రధారిణి లిన్ కార్లిన్ అంతకుముందు ఒక కార్యాలయమున సెక్రటరీ. ఆస్కారు బహుమతికి ఆమె పేరు ప్రతిపాదింపబడినది. భర్తగా నటించిన జాన్ మార్లీ వెనిస్ ఉత్సవమున ఉత్తమ నటుడయ్యెను. చివర ఆ యిరువురును ఇంటి మెట్లపై కూర్చుండి సిగరెట్లు కాల్చుదురు, దగ్గుదురు. త్రోవ ఇరుకు. ఒకరు దాటిపోవలెనన్న రెండవవారు కాళ్లు ముడుచుకొనవలెను, ముడుచుకొందురు.